నడక పరీక్ష చెప్పని సంగతి: బైపాస్ తర్వాత ఒక మిర్చి రైతు మళ్ళీ పనిలోకి వెళ్ళిన తీరుపై కేస్ స్టడీ

గుండె ఆపరేషన్ అయిన మనిషి ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడవగలడో కొలవడం, ఆ దూరం పెరుగుతూ పోతే కోలుకుంటున్నాడని రాసుకోవడం మా ఫిజియోథెరపీ వాళ్ళకు అలవాటు. ఆ కొలతలో తప్పేమీ లేదు. కానీ అది కాళ్ళ సంగతి చెబుతుందే తప్ప చేతుల సంగతీ, నిలువునా కోసి స్టీలు తీగలతో బిగించిన రొమ్ము ఎముక సంగతీ చెప్పదు. ఈ తేడాను కాలేజీలో చదివి, పరీక్షలో రాసి, పదకొండేళ్ళు ఉద్యోగం చేసిన తర్వాత కూడా ఒక రోగి విషయంలో నేను దాన్ని పట్టించుకోలేదు. ఆ కేసును మొదటి నుంచి రాస్తున్నాను. రోగీ, ఆయన కుటుంబమూ ఇందుకు అనుమతించారు. ఆయనను గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను.

రోగి పూర్వాపరాలు

ఆయన పల్నాడు ప్రాంతపు మిర్చి రైతు, వయసు 57 ఏళ్ళు. సొంతంగా రెండెకరాలు, కౌలుకు మరో మూడెకరాలు సాగు చేస్తారు. తొమ్మిదేళ్ళుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వాడుతున్నారు. ముప్పై ఏళ్ళ చుట్ట అలవాటును ఆపరేషన్ ముందు రోజు వరకు మానలేదు. పొలం గట్టు ఎక్కేటప్పుడు ఛాతీలో బరువుగా ఉంటోందని నాలుగు నెలలుగా అనుకుంటూనే, దాన్ని గ్యాస్ కింద జమకట్టి సోడా తాగుతూ వచ్చారు. యాంజియోగ్రామ్‌లో మూడు ప్రధాన రక్తనాళాల్లోనూ పూడికలు కనిపించాయి. గుండె పంపింగ్ 48 శాతం ఉంది.

అక్టోబరు మొదటి వారంలో బైపాస్ జరిగింది. గుండె ముందు వైపు రక్తనాళానికి ఛాతీ లోపలి ఎడమ ధమనిని కలిపారు, మిగిలిన రెండింటికి ఎడమ కాలి నుంచి తీసిన సిరను వాడారు. వీటిలో మొదటిది తర్వాతి కథకు ముఖ్యం. ఆ ధమని రొమ్ము ఎముకకు కూడా రక్తం అందిస్తుంది కాబట్టి, దాన్ని గుండెకు మళ్ళించినప్పుడు ఆ వైపు ఎముకకు రక్తసరఫరా కొంత తగ్గుతుంది. గుండెకు అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచే మార్గం అదే గనుక సర్జన్లు దాన్నే ఎంచుకుంటారు, ఎంచుకోవాలి కూడా. అయితే షుగరు, పొగతాగిన చరిత్ర, తగ్గిన రక్తసరఫరా మూడూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు ఎముక అతుక్కోవడం ఆలస్యమయ్యే అవకాశం పెరుగుతుందని పునరావాసం చూసేవాళ్ళు మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. నేను మాత్రం "షుగరు ఉంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను.

మూడో రోజు గుండె లయ తప్పింది. పై గదులు క్రమం లేకుండా కొట్టుకునే ఈ స్థితి బైపాస్ తర్వాత రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య చాలామందిలో కనిపిస్తుంది. ఐదుగురిలో కనీసం ఒకరికి వస్తుంది. మందులతో ఐదో రోజుకు లయ సర్దుకుంది. మా వైపు నుంచి వరండా నడకను ఒక రోజు వాయిదా వేశాం, అంతే.

ఆసుపత్రిలో ఎనిమిది రోజులు

మొదటి రోజు మంచం అంచున కూర్చోబెట్టడం, రెండో రోజు కుర్చీ, తర్వాత గదిలో నాలుగడుగులు, చివరికి వరండా, డిశ్చార్జికి ముందు రోజు పన్నెండు మెట్లు. ఈ వరుస మాకు కంఠతా ఉంటుంది. దగ్గు వచ్చినప్పుడు దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గడం నేర్పాం. చిన్న సామాను చేత్తో పట్టుకున్నప్పటి కంటే ఒక గట్టి దగ్గు రొమ్ము ఎముక మీద ఎక్కువ ఒత్తిడి పెడుతుందంటే చాలామంది నమ్మరు. ఈయన మాత్రం రెండో రోజు దగ్గుతోనే నమ్మారు.

కష్టమంతా ఆయన భార్యతో వచ్చింది. "గుండె కోసిన మనిషిని నడిపిస్తారేందమ్మా" అని ఆమె మూడుసార్లు అడిగింది, నాలుగోసారి అడగకుండానే ఆయన చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. ఆమెను తప్పు పట్టలేం. గుండెపోటు వచ్చినవాళ్ళను వారాల తరబడి మంచం మీద కదలకుండా పడుకోబెట్టడమే ఒకప్పుడు వైద్యం. వాళ్ళను కుర్చీలో కూర్చోబెడితే మేలని 1952లో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అనే అమెరికన్ వైద్యులు రాసినప్పుడు అది సాహసంగా కనిపించింది. వైద్యం ఆ భయాన్ని దాటి వచ్చి డెబ్బై ఏళ్ళు గడిచినా మన ఇళ్ళు ఇంకా దాటలేదు. ఆమెకు ఉపన్యాసం ఇవ్వడం మానేసి, నడక తర్వాత నాడి చూసే పని ఆమెకే అప్పగించాను. మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఒక పూటలో నేర్చుకుంది. ఆ తర్వాత ఆయనను కూర్చోబెట్టేదీ లేపేదీ ఆమే అయింది.

ఇంటి దగ్గర మొదటి అయిదు వారాలు

డిశ్చార్జి కాగితంలో "మూడు నెలలు బరువులు ఎత్తరాదు, రోజూ నడవాలి" అని ఉంది. ఆ రెండు ముక్కల వెనక ఒక ఇల్లూ, ఆ ఇంట్లో ఒక మంచమూ, ఒక మరుగుదొడ్డీ ఉంటాయన్న ఆలోచనతో మొదటి వారంలో వీడియో కాల్ చేసి ఇల్లు చూపించమన్నాను. ఈ పని మాత్రం నేను సరిగ్గా చేశాను.

ఆయన పడుకునేది నవారు మంచం. నడుం దగ్గర గుంటపడిన మంచం మీద నుంచి పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి జార్చి లేవడం సాధ్యం కాదు. రెండు చేతులా మంచం పట్టెలను పట్టుకుని లాక్కుంటూ లేవాలి, లేచిన ప్రతిసారీ రొమ్ము ఎముక రెండు సగాలనూ చెరో వైపుకు గుంజినట్టే. కొడుకు చేత చెక్క మంచం వేయించాం. మరుగుదొడ్డి కింద కూర్చునే రకం. గొంతుక్కూర్చోవడంలో గుండెకు ప్రమాదం లేదు గాని, లేచేటప్పుడు పంపు గొట్టాన్ని పట్టుకుని వేలాడటం, మలబద్ధకంతో ఊపిరి బిగబట్టి ముక్కడం రెండూ వద్దు. ఊపిరి బిగబట్టినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరిగి, వదిలినప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, విరేచనం సాఫీగా అయ్యే మందు రాయించాం.

నడకకు ఊరి పక్కన సాగర్ కుడి కాలువ కట్ట ఉంది. మీటర్లు, నిమిషాలు చెబితే ఆయనకు విసుగు. అందుకని కొడుకు టేపు పెట్టి కట్ట మీద రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం కొలిచాడు, 48 మీటర్లు వచ్చింది. మొదటి వారం నాలుగు స్తంభాలు వెళ్ళి రావడం, రోజుకు మూడుసార్లు. రెండో వారం ఆరు, మూడో వారం పది. అయిదో వారానికి ఇరవై అయిదు స్తంభాలు వెళ్ళి వచ్చేవారు. అంటే రానూపోనూ దాదాపు రెండున్నర కిలోమీటర్లు.

వేగాన్ని దేనితో కొలవాలన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. 220 నుంచి వయసు తీసేసి, అందులో ఇంత శాతం అని నాడి లక్ష్యం చెప్పే సూత్రం వ్యాయామశాలల గోడల మీద కనిపిస్తుంది. ఈయన మెటోప్రొలాల్ వాడుతున్నారు. గుండె వేగం పెరగకుండా పట్టి ఉంచడమే ఆ మాత్ర పని కాబట్టి ఆ సూత్రం ఈయనకు పనికిరాదు. దాన్ని నమ్మితే, లక్ష్యం ఇంకా రాలేదని అలసిపోయిన మనిషిని మరింత తోసే ప్రమాదం ఉంది. తొలి వారాల్లో, కూర్చున్నప్పటి నాడికి ఇరవై నుంచి ముప్పై దాటకుండా చూసుకుంటాం. ఆయన నాడి విశ్రాంతిలో 68 ఉండేది కాబట్టి 98 దగ్గర ఆగమన్నాం. దానితో పాటు స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన, 6 నుంచి 20 దాకా అంకెలున్న, తనకెంత శ్రమగా ఉందో రోగే అంకెతో చెప్పే శ్రమ కొలబద్దను వాడాం. 11 నుంచి 13 మధ్య ఉండాలి.

రైతుల దగ్గర ఈ కొలబద్దతో ఒక చిక్కుంది. "ఆయాసం వస్తోందా" అని అడిగితే లేదంటారు, ఎందుకంటే వాళ్ళ భాషలో ఆయాసమంటే జబ్బు. "రొప్పుతున్నారా" అంటే నవ్వి, కొంచెం అంటారు, ఎందుకంటే రొప్పు పని చేసినవాడికి సహజంగా వచ్చేది. అంకె చెప్పమంటే ఈయన ఎప్పుడూ "తొమ్మిది, తేలికే" అనేవారు. అందుకని అంకెను పక్కన పెట్టి, పక్కనున్న మనిషితో ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, మాట మధ్యలో తెగితే తగ్గించాలన్నట్టు ఒప్పందం చేసుకున్నాం. తోడు నడిచే భార్యకు ఆ బాధ్యత నచ్చింది.

నాలుగో వారంలో ఒక ఉదయం కట్ట మీద చెమటలు పట్టి, చేతులు వణికి కూర్చుండిపోయారు. గుండె అనుకుని అందరూ హడలిపోయారు. ఊళ్ళోని ఆరోగ్య కార్యకర్త వచ్చి చూస్తే షుగరు 61 ఉంది. ఎండ రాకముందే నడక ముగించమని నేనే చెప్పాను. ఆయన గ్లిమిపిరైడ్ వేసుకుని, టిఫిన్ తినకుండా అయిదున్నరకు బయల్దేరారు. ఆ మాత్ర తిండితో నిమిత్తం లేకుండా ఇన్సులిన్‌ను వదిలిస్తుంది, నడిచే కండరాలు పైగా మరికొంత షుగరును లాక్కుంటాయి. డాక్టరుతో మాట్లాడి మాత్ర సమయాన్ని టిఫిన్‌తో ముడిపెట్టించాం. నడకకు ముందు షుగరు 100 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండు తిని పదిహేను నిమిషాలు ఆగాలి. జేబులో ఎప్పుడూ బెల్లం ముక్క ఉండాలి.

అయిదో వారం చివర ఆయన ఆసుపత్రికి వచ్చినప్పుడు ముప్పై మీటర్ల వరండాలో ఆరు నిమిషాల నడక పరీక్ష చేశాం. డిశ్చార్జి రోజు 214 మీటర్లు నడిచిన మనిషి ఈసారి 402 మీటర్లు నడిచారు. చివర్లో నాడి 94, రక్తపోటు 136/80, ఆక్సిజన్ 97. సిర తీసిన కాలికి సాయంత్రం పూట కొద్దిగా వాపు వస్తోందన్నారు. ఆ కాలు చచ్చుపడిపోతుందేమోనన్న భయం ఆయనకు గుండె కంటే ఎక్కువగా ఉండేది. పై సిరను తీసినా లోపలి సిరలు రక్తాన్ని తీసుకెళ్తాయని బొమ్మ గీసి చూపించాను. గాయం మానింది. భుజాలు పైకి ఎత్తించి చూశాను, నొప్పి లేదు. ఫైలులో "పురోగతి చాలా బాగుంది" అని రాశాను. ఇంటికి వెళ్ళి ఏం పని చేస్తారని మాత్రం అడగలేదు. మనిషి రైతని నాకు తెలుసు, నవంబరు మిర్చికి ఎలాంటి నెలో కూడా తెలుసు.

ఏడో వారం

2021లో మన మిర్చి పొలాల్లో నల్ల తామర పురుగు వచ్చినప్పటి నుంచి పూత దశలో మందు కొట్టడం మానితే పంట నిలవదన్న భయం ప్రతి రైతుకూ ఉంది. ఆ వారం కూలీ మనిషి రాలేదు. ఆయన చేతి పంపు స్ప్రేయర్‌ను వీపుకు తగిలించుకుని మూడు ట్యాంకులు కొట్టారు. నాలుగో ట్యాంకుకు ఛాతీలో ఏదో టక్కుమన్నట్టు అనిపించింది. ఆ రాత్రి పక్కకు తిరిగినప్పుడల్లా అదే శబ్దం. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు నా ఎదుట కూర్చున్నప్పుడు ఆయన చెప్పింది ఇదీ: "నువ్వు బరువు ఎత్తొద్దన్నావు. నేను ఎత్తలేదు కదమ్మా. మా బామ్మర్ది ఎత్తి వీపుకు తగిలించాడు. నేను నడిచానంతే. నడవమన్నది నువ్వేగా."

కాగితంలో ఉన్నదాన్ని అక్షరాలా పాటించిన మనిషి ఆయన.

గాయానికి రెండు పక్కలా వేళ్ళు ఆనించి దగ్గమన్నప్పుడు, ఒక చెయ్యి పైకెత్తి నడుం తిప్పమన్నప్పుడు రొమ్ము ఎముక కింది భాగంలో సన్నని కదలిక నా వేళ్ళకు తెలిసింది. జ్వరం లేదు, చీము లేదు, ఎరుపు లేదు. అవి ఉంటే అది వేరే కథ, అత్యవసరంగా ఆపరేషన్ థియేటరు దాకా వెళ్ళే కథ. అదే రోజు సర్జన్‌కు చూపించాం. సీటీ స్కాన్‌లో తీగలన్నీ తెగకుండా ఉన్నాయి, కింది చివర రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంది, ఎముక వెనక నీరు చేరలేదు. మళ్ళీ కోయనక్కర్లేదని, నాలుగు వారాలు జాగ్రత్తగా ఉంచి చూద్దామని సర్జన్ నిర్ణయించారు.

ఇక్కడ కాసేపు ఆగి ఆ ట్యాంకు సంగతి చెప్పాలి. పదహారు లీటర్ల స్ప్రేయర్ నిండితే నీళ్ళే పదహారు కిలోలు, పరికరంతో కలిపి ఇరవై కిలోల దాకా ఉంటుంది. ఆ బరువంతా రెండు పట్టీల మీద వేలాడుతూ భుజాలను వెనక్కి గుంజుతుంది. భుజాలు వెనక్కి వెళ్తే ఛాతీ కండరాలు సాగి, తాము అంటిపెట్టుకున్న రొమ్ము ఎముక సగాలను బయటికి లాగుతాయి. అది చాలనట్టు ఒక చెయ్యి మీటను నిమిషానికి ఇరవై ముప్పైసార్లు కిందికీ పైకీ ఆడిస్తుంది, రెండో చెయ్యి గొట్టాన్ని చాచి పట్టుకుని ఉంటుంది. అంటే రెండు సగాల మీద పడే బలాలు ఒకదానితో ఒకటి సరిపోవు. ఒకటి కిందికి, ఒకటి పక్కకు ఒరుసుకుంటాయి. అంతే బరువు తూగే బియ్యం సంచిని రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకోవడం కంటే ఇది ఎముకకు కీడు. "ఎత్తడం" అన్న మాటలో ఇదేదీ లేదు.

గుండె వైపు నుంచి చూసినా తేడా ఉంది. ఒకే శ్రమను కాళ్ళతో చేసినప్పటి కంటే చేతులతో చేసినప్పుడు నాడీ రక్తపోటూ ఎక్కువ పెరుగుతాయి. చేతి కండరాలు చిన్నవి. వాటిలోకి రక్తాన్ని తోయడానికి గుండె ఎక్కువ ఒత్తిడితో పని చేయాలి. చేతులతో మనిషి చేరుకోగల గరిష్ఠ స్థాయి కాళ్ళతో చేరుకునే దానిలో సుమారు 70 శాతమే. వరండాలో 402 మీటర్లు నడిచారన్న అంకె ఈయన చేతిపనికి ఏ హామీ ఇవ్వలేదు. ఆ హామీ ఉందనుకున్నది నేను.

ఇంకొకటి కూడా ఆ రోజే గుర్తొచ్చింది. మిర్చికి కొట్టే మందుల్లో ఆర్గానో ఫాస్ఫేట్ రకాలు ఉంటాయి. అవి చర్మం ద్వారానో ఊపిరి ద్వారానో ఎక్కువగా లోపలికి చేరితే గుండె వేగాన్ని తగ్గించగలవు. అదే పని చేసే మాత్ర ఆయన రోజుకు రెండుసార్లు మింగుతున్నారు. ముక్కుకు తువ్వాలు తప్ప ఆయన మరేమీ కట్టుకోలేదు.

మళ్ళీ మొదటి నుంచి, ఈసారి చేతులకు వేరుగా

ఎముకను కదలకుండా ఉంచాలంటే మనిషిని కదలకుండా ఉంచాలన్నది ఇలాంటప్పుడు చాలామంది చేసే పొరపాటు. నడక ఆపలేదు. ఛాతీకి బెల్టు కట్టి, కట్ట మీద ఇరవై స్తంభాలు కొనసాగించాం. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మడమలు ఎత్తి దించడం, పొత్తికడుపు కండరాలను మెల్లగా బిగించి వదలడం చేర్చాం. ముప్పై సెకన్లలో కుర్చీలోంచి లేవడం మొదట తొమ్మిదిసార్లే అయ్యేది.

చేతుల విషయంలో "ఇది వద్దు, అది వద్దు" అన్న జాబితా బదులు ఒకే ఒక్క సూత్రం ఇచ్చాం. మోచేతులు పక్కటెముకలకు ఆనుకుని ఉన్నంత వరకు చేతులను వాడుకోవచ్చు, అవి ఒంటికి దూరంగా వెళ్ళే పని ఏదీ ఇప్పుడు వద్దు. చంటిబిడ్డను ఎత్తుకున్నప్పుడు చేతులు ఎక్కడుంటాయో అక్కడ ఉంచమన్నాను. గత పదేళ్ళలో ఈ పద్ధతి చాలా చోట్ల "రెండు కిలోలకు మించి ఎత్తొద్దు" అన్న పాత నిబంధన స్థానంలోకి వస్తోంది. కిలోల లెక్క మనిషికి గుర్తుండదు, గుర్తున్నా ఇంట్లో త్రాసు ఉండదు. పైగా ఈయన కేసులో చూసినట్టు, ఎవరు ఎత్తారన్న వాదనకు అది చోటిస్తుంది.

పదకొండో వారానికి వేళ్ళ కింద కదలిక తెలియలేదు. పన్నెండో వారం చివర, అంటే డిసెంబరు ఆఖరున, కార్డియాలజిస్టు సమక్షంలో ట్రెడ్‌మిల్ పరీక్ష జరిగింది. మూడేసి నిమిషాలకు వేగమూ ఎత్తూ పెంచుతూ పోయే బ్రూస్ పద్ధతిలో రెండు దశలు పూర్తిచేసి మూడో దశలో నిమిషంన్నర తర్వాత కాళ్ళు అలిసి ఆగారు. ఛాతీ నొప్పి లేదు, ఈసీజీలో మార్పు లేదు, లయ తప్పలేదు. పంపింగ్ 52 శాతానికి వచ్చింది. ఆరు నిమిషాల నడక 448 మీటర్లు. ఇవన్నీ మంచి అంకెలే. కానీ ఈసారి వాటి దగ్గర ఆగలేదు.

స్ప్రేయర్‌ను తీసుకురమ్మన్నాను. పాత చేతి పంపు కాకుండా కొడుకు కొన్న కొత్త బ్యాటరీ స్ప్రేయర్‌ను, ఒక్క చుక్క మందు ఎరగనిదాన్ని, బస్సులో వేసుకుని వచ్చారు. కండక్టరు దానికి లగేజీ టికెట్ కొట్టాడట. ఆసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు ఆపితే నేను దిగి వెళ్ళి లోపలికి తెచ్చుకోవాల్సి వచ్చింది. వ్యాయామ పరికరాల జాబితాలో ఇది లేదు నిజమే గాని, ఈ మనిషికి అంతకంటే సరైన పరికరం మా విభాగంలో మరొకటి లేదు. దాని బరువును లీటరు లీటరుగా పెంచుకోవచ్చు.

మొదటి రోజు కొలతలు నాకు కూడా పాఠమే. వరండాలో గంటకు నాలుగున్నర కిలోమీటర్ల వేగంతో ఖాళీ చేతులతో నడిచినప్పుడు నాడి 92, రక్తపోటు 138/80, శ్రమ 11. అయిదు కిలోల ఖాళీ స్ప్రేయర్ తగిలించుకుని, గొట్టం పట్టుకుని పొలంలో లాగా అటూ ఇటూ ఆడిస్తూ అందులో సగం వేగంతో నడిచినప్పుడు నాడి 103, రక్తపోటు 158/86, శ్రమ 13. వేగం సగానికి పడినా గుండె పని పెరిగింది. ఈ రెండు వరుసలనూ పెద్ద అక్షరాలతో రాసి ఆయన చేతికిచ్చాను. మందుల సంచిలో పెట్టుకున్నారు.

ఆ తర్వాత పద్ధతి ఇలా సాగింది. పద్నాలుగో వారం నుంచి మొదట చేతులకు నీళ్ళ సీసాలతో వ్యాయామం, రెండు చేతులూ ఒకేసారి, ఊపిరి వదులుతూ ఎత్తి, పీలుస్తూ దించడం. తర్వాత ఖాళీ స్ప్రేయర్‌తో అయిదు నిమిషాల నడక. ఎముక దగ్గర శబ్దం గాని నొప్పి గాని లేకపోతే, మాట తెగకపోతే, మర్నాడు పొద్దున్న మామూలుగా లేవగలిగితే, వారానికి రెండు లీటర్ల చొప్పున నీళ్ళు పెంచడం. ఒక వారం, పదహారో వారంలో, భుజం నొప్పి వల్ల పెంచలేదు. దానికి కారణం గుండె కాదు, పట్టీ పొడవు సరిగ్గా లేకపోవడం. విశ్రాంతిలో పై రక్తపోటు 180 గాని కింది రక్తపోటు 110 గాని దాటినా, నాడి 120 దాటినా, లయ తప్పినట్టున్నా, జ్వరమున్నా, రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగినా ఆ రోజు వ్యాయామం లేదు, ఫోన్ చేయాలి. ఆయన భార్య ఈ ఆరింటిని వంటింటి గోడ మీద బొగ్గుతో రాసుకుంది. ఫిబ్రవరిలో ఒకసారి బరువు పెరిగిందని ఫోన్ చేసింది. తిరునాళ్ళలో మూడు రోజులు తిన్న పచ్చళ్ళూ పులిహోరా కారణమని తేలింది గాని, ఫోన్ చేసినందుకు ఆమెను మెచ్చుకున్నాను.

ఇరవయ్యో వారానికి ఎనిమిది లీటర్లతో, అంటే సగం ట్యాంకుతో, పదిహేను నిమిషాలు నడిచినా రక్తపోటు 160 దాటలేదు. కుర్చీలోంచి లేవడం తొమ్మిది నుంచి పద్నాలుగుకు వచ్చింది. అక్కడ ఆగుదామని సర్జన్, కార్డియాలజిస్టు, నేను కలిసి నిర్ణయించాం. సగం ట్యాంకు, బ్యాటరీ స్ప్రేయర్, పొద్దున్న ఎనిమిదింటిలోపు, చేతులకు తొడుగులు, ముఖానికి సరైన మాస్కు. ఆర్గానో ఫాస్ఫేట్ మందులు మాత్రం వేరే మనిషి కొట్టాలి. సగం ట్యాంకంటే రెట్టింపు తిరుగుళ్ళు, రెట్టింపు సమయం. అయిదెకరాలకు అది కుదరదని, కౌలు పొలంలో ఒక ఎకరం వదులుకుంటానని ఆయనే అన్నారు. అది వైద్య సలహా కాదు, ఆయన వేసుకున్న లెక్క.

ఈ కేసు తర్వాత మా విభాగంలో ప్రవేశపత్రం మారింది. "వృత్తి" అన్న గడిలో "రైతు", "గృహిణి" అని రాసి వదిలేయడం లేదు. ఆ మనిషి రోజులో చేసే అన్నిటికన్నా బరువైన మూడు పనులేవి, వాటిలో చేతులు ఎక్కడుంటాయి, ఆ పని ఏ నెలలో వస్తుంది అన్నవి అడిగి రాస్తున్నాం. మొన్న వాల్వు మార్చిన ఒకావిడ ఇంటిపని తప్ప ఏమీ చేయనని చెప్పింది. విడదీసి అడిగితే, నిండు గ్యాస్ సిలిండరును మెట్ల మీదుగా రెండో అంతస్తుకు దొర్లించుకుంటూ తీసుకెళ్ళేది తానేనని తెలిసింది. అందులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే ముప్పై కిలోల దగ్గర.

మార్చి రెండో వారంలో ఆయన చివరిసారి వచ్చారు. కోత పూర్తయింది, కాయలు కళ్ళంలో ఎండుతున్నాయి. నడక 466 మీటర్లు, చుట్ట లేదు, మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బీఏ1సీ) 7.1 శాతం. వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి, టిక్కీలు ఎత్తొచ్చా అని అడిగారు. గుంటూరు యార్డుకు వెళ్ళే మిర్చి బస్తా నలభై కిలోలు దాటుతుంది, దాన్ని కింద నుంచి భుజానికి ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టని మనిషి ఉండడు. కూడదన్నాను. "పక్కవాడు ఎత్తి భుజాన పెడితేనో" అని నవ్వారు. అదీ కూడదని, ఈసారి కాగితం మీద ఆ మాట కూడా రాసి, కింద ఆయన భార్య చేత సంతకం చేయించి ఇచ్చాను.